అయ్యగారి వాటా

ఆ కుర్చీల కార్ఖానా యజమానిని పనివాళ్ళందరూ వెనకాల ‘భూతద్దం’ అనేవాళ్ళు, ఎదురుగా ‘అయ్యగారూ’ అనేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఆయనకు మొదటి పేరే ఎక్కువ ఇష్టం. ఒకసారి పాలిష్ పనిచేసే అక్క గోడవతల నుంచి “భూతద్దం వస్తున్నాడు, నోళ్ళు మూయండర్రా” అంటుంటే విని, కోప్పడాల్సింది పోయి మీసం దువ్వుకుంటూ లోపలికి వచ్చాడు. ఆయన ఎవరినీ మెచ్చుకోడు, ఆయనను ఎవరూ మెచ్చుకోరు. అలాంటి మనిషి మెప్పు ఎక్కడ దొరికితే అక్కడ ఏరుకుంటాడు మరి.

రేకుల షెడ్డు, పద్దెనిమిది మంది పనివాళ్ళు, ముందువైపు గాజు తలుపున్న చిన్న ఆఫీసు గది. బడులకు, ఆసుపత్రులకు, మీటింగు హాళ్ళకు చెక్క కుర్చీలు చేసి పంపుతారు. లోడుకు నలభై. లారీ వచ్చే రోజు పొద్దున్నే ఆ నలభైని సిమెంటు నేల మీద వరుసకు అయిదు చొప్పున ఎనిమిది వరుసలు పేరుస్తారు. అప్పుడు మన భూతద్దం చెప్పులు విప్పి, సుద్దముక్క పట్టుకుని మొదటి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటాడు. ఎడమకు ఒక ఊపు, కుడికి ఒక ఊపు, వెనక్కి వాలి ఒకటి, ముందు కాళ్ళు గాల్లోకి లేచేలా ఇంకొకటి. లేచి రెండో కుర్చీ. ఆ గంటన్నరసేపు షెడ్డులో రంపం ఆగాలి, చిత్రిక ఆగాలి, దగ్గొచ్చినవాడు బయటికి పోయి దగ్గి రావాలి. ఎక్కడో ఒక కుర్చీ దగ్గర ఆయన ఊపు సగంలో ఆగుతుంది. కళ్ళు తెరిచి, కుర్చీ తిరగేసి, కింద సుద్దతో ఇంటూ గీసి, “మేస్త్రీ!” అని ఒక్క కేక పెడతాడు.

పెద్ద మేస్త్రీ వచ్చి బొటనవేలితో నొక్కి చూస్తే కాళ్ళ మధ్య అడ్డుకర్ర నిజంగానే లూజుగా ఉంటుంది. కంటికి ఆనదు, వెంట్రుకవాసి. “ఎలా పట్టారు అయ్యగారూ!” అని మేస్త్రీ నోరెళ్ళబెడతాడు. “నేను లేకపోతే మీరంతా ఏమైపోతారో!” అని అయ్యగారు సణుగుతాడు. ఆ సణుగుడులో ఉన్నంత ఆనందం ఆయనకు మరెక్కడా లేదు. లోడుకు ఒక్క కుర్చీ, ఎప్పుడూ ఒక్కటే. పదకొండేళ్ళుగా ఒక్క లోడు కూడా తప్పలేదు. పట్టుకున్న ప్రతి కుర్చీకీ తేదీ వేసి, ఎన్నో వరుసో, ఏ జాయింటో ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాడు. అలాంటి పుస్తకాలు మూడు నిండాయి.

ఈ పిచ్చి ఊరికే పట్టుకోలేదు. కార్ఖానా పెట్టిన రెండో ఏడు ఒక బడికి పంపిన కుర్చీ కాలు ఊడిపోయి, అందులో కూర్చున్న టీచరమ్మ మణికట్టు విరిగింది. ఆవిడ మంచి మనిషి. “ఎడమ చెయ్యే కదండీ, రాసేది కుడిచేత్తో” అని నవ్వేసింది. ఈయన నవ్వలేకపోయాడు. ఆ కట్టు కట్టిన చెయ్యి చూసి వచ్చినప్పటి నుంచి ఇంకొకరి కన్ను మీద, ఇంకొకరి చేతి మీద నమ్మకం పోయింది. మేకులు ఆయనే కొనాలి, జిగురు డబ్బా మూత తీస్తే వాసన ఆయనే చూడాలి. మామగారు పోయిన రోజున కూడా లోడు చూసుకుని గానీ రాలేదు. ఆ మాట భార్య ఇప్పటికీ ఎత్తదు. అంటే మరిచిపోయిందని కాదు.

నాలుగు నెలల కిందట ఒక లోడు రోజున ఆయన నలభై కుర్చీల్లో కూర్చుని లేచాడు. ఏమీ తెలియలేదు. కుర్చీ బాగుందనీ తెలియలేదు, బాగోలేదనీ తెలియలేదు. ఒంట్లో ఏదో తీగ తెగిపోయింది. ఒక్క కుర్చీల సంగతే కాదు. అన్నం నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టుంది. భార్య పక్కన కూర్చుని మాట్లాడుతుంటే గోడ అవతల నుంచి వినిపిస్తున్నట్టుంది. పొద్దున కార్ఖానా గేటు దగ్గర కారు ఆపి, తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి, దిగడానికి ఇరవై నిమిషాలు పట్టేది. వాచ్‌మన్ ఒకసారి సలాం కొట్టి, చెయ్యి నొప్పెట్టి దించి, ఇంకా దిగలేదే అని మళ్ళీ కొట్టేవాడు.

ఆ లోడు రోజున పద్దెనిమిది జతల కళ్ళు ఆయనవైపే చూస్తున్నాయి. భయం వేసింది. ఏమీ దొరకలేదంటే పరువేం కాను? ఆయన చేతికి అందిన కుర్చీని తిరగేసి, ఊరికే, గుడ్డిగా ఇంటూ గీశాడు. మేస్త్రీ వచ్చి బొటనవేలితో నొక్కాడు. ఒక్క క్షణం ఆగాడు.

“లూజే అయ్యగారూ” అన్నాడు.

భూతద్దం ఆ కుర్చీని కూడా పుస్తకంలో రాసుకున్నాడు. తరవాతి లోడుకీ అంతే. ఏమీ తెలియకుండానే ఒకటి గీశాడు, మేస్త్రీ లూజే అన్నాడు. ఆ పైవారమూ అంతే. అప్పుడు ఆయనకొక ఆశ పుట్టింది. మనసు చచ్చిపోయినా చెయ్యి బతికే ఉంది, లోపల దీపం ఆరిపోయినా చేతికి దారి తెలుసు అనుకున్నాడు. ఆ చెయ్యి ఉన్నంతకాలం తాను పనికొచ్చే మనిషే. ఆయన పొద్దున్నే లేవడానికి, స్నానం చేయడానికి, గేటు దగ్గర ఇరవై నిమిషాల తరవాతైనా కారు దిగడానికి కారణం అదొక్కటే. ఇంకే కారణం మిగల్లేదు. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు.

భార్య మాత్రం ఊరుకునే రకం కాదు. నెలరోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, చివరికి చెయ్యి పట్టుకుని మానసిక వైద్యురాలి దగ్గరికి లాక్కెళ్ళింది. చిన్న గది, బల్ల మీద నీళ్ళ గ్లాసు, కాగితం రుమాళ్ళ పెట్టె. కూర్చోబోతూ అలవాటు కొద్దీ ఆయన కుర్చీని ఊపి చూశాడు. డాక్టరమ్మ అది గమనించింది.

“నిద్ర పడుతోందా?”

“పడుతుంది.”

“ఎంతసేపు?”

“పట్టినంతసేపు.”

“మూడు గంటలండీ” అంది భార్య. “అదీ, పక్కన నేనున్నానన్న మొహమాటానికి కళ్ళు మూసుకుని పడుకుంటారు. నిద్రో, నటనో ఆ దేవుడికే తెలియాలి.”

డాక్టరమ్మ ఇంకా చాలా అడిగింది. ఆకలి, బరువు, చచ్చిపోవాలన్న ఆలోచనలు. చివరిదానికి ఆయన తల అడ్డంగా ఊపాడు. అందులో అబద్ధం లేదు. లోడు రోజు ఉంది కదా.

“ఇది డిప్రెషన్” అంది ఆవిడ. “జ్వరంలాగే ఇదీ జబ్బే. మీ చేతగానితనం కాదు. సొంతంగా పని పెట్టుకుని అన్నీ తమ నెత్తినే వేసుకునేవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు. అందరూ మీలాగే బాగా ముదిరాక వస్తారు. మాత్రలు రాస్తాను. అవి పనిచేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, తొందరపడి మానేయకండి. ఇంకో ముఖ్యమైన మాట. మూడు నెలలు కార్ఖానా గుమ్మం తొక్కకూడదు.”

ఆయన సంచిలోంచి మూడు నోటు పుస్తకాలూ తీసి బల్ల మీద పెట్టాడు. భార్య తల పట్టుకుంది. ఆ పుస్తకాలు సంచిలో ఉన్నట్టు ఆవిడకు తెలియదు.

“చూడండి” అన్నాడాయన. ఇన్ని నెలల్లో ఆయన గొంతులో ప్రాణం కనిపించడం అదే మొదటిసారి. “పదకొండేళ్ళు. లోడుకొకటి. నేను మూడు నెలలు రాకపోతే పన్నెండు లోడ్లు పోతాయి. అంటే పన్నెండు కుర్చీలు. పన్నెండు మంది పడతారు. ఎవరి నడుం విరుగుతుందో ఎవరికి తెలుసు?”

“మీ మేస్త్రీ చూడలేడా?”

“ముప్పై ఏళ్ళుగా ఉలి పట్టినవాడు. కానీ వీటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా నాకన్నా ముందు అతను పట్టలేదు.”

డాక్టరమ్మ మూడు పుస్తకాలూ తిరగేసి, మళ్ళీ ఆయన వైపే జరిపింది. మూడు పుస్తకాల సాక్ష్యం ముందు ఎవరైనా ఏం చేస్తారు?

తిరిగి వచ్చేటప్పుడు కారు భార్యే నడిపింది. “సరే, ఒక పని చేద్దాం” అంది. “మేస్త్రీని అడగండి. నా వల్ల కాదంటే నేనిక నోరెత్తను. చూసుకుంటానంటే మాత్రం మీరు ఇంట్లో ఉండాలి. ఒప్పుకుంటారా?”

“ఒప్పుకుంటా.” మేస్త్రీ ఏమంటాడో తెలిసినట్టే ఒప్పుకున్నాడు. గెలుపు ఖాయమైన పందెం అనుకున్నాడు. ఆ మనిషి ధీమాగా ఉన్నది ఆ ఒక్క విషయంలోనే, పాపం.

మాత్రలు మొదలుపెట్టిన ఎనిమిదో రోజు లోడు వచ్చింది. కుర్చీలు వరుసల్లో నిలబడ్డాయి. రంపం ఆగింది. ఆయన నలభై కుర్చీల్లోనూ కూర్చుని నాలుగేసి ఊపులు ఊగాడు. ఏమీ తెలియలేదు. అయిదో వరుసలో మొదటిదాన్ని గీశాడు. మేస్త్రీ వచ్చి నొక్కి, “లూజే అయ్యగారూ” అన్నాడు. ఆయన తృప్తిగా తలూపి, మేస్త్రీని ఆఫీసు గదిలోకి పిలిచి గాజు తలుపు వేశాడు.

“కూర్చో మేస్త్రీ.”

మేస్త్రీ కూర్చోలేదు. ఆ గదిలో అతను ఎప్పుడూ కూర్చోలేదు. చేతులకు అంటిన జిగురు గోటితో గీక్కుంటూ నిలబడ్డాడు.

“నాకు ఒంట్లో బాగాలేదు. మూడు నెలలు రావద్దంటున్నారు. నువ్వు ఒక్కడివీ చూసుకోగలవా? మొహమాటపడకు. ఉన్నమాట చెప్పు.”

“చూసుకుంటానండీ.”

ఆయన కనుబొమలు పైకి లేచాయి. “పని సంగతి కాదయ్యా నేనడిగేది. చెడ్డ కుర్చీ సంగతి. అది నీకు కనపడదు కదా.”

మేస్త్రీ గాజు తలుపులోంచి షెడ్డు వైపు ఒకసారి చూశాడు. తరవాత కింద కూర్చుండిపోయాడు, కుర్చీలో కాదు, నేల మీదే.

“అయ్యగారూ, పోయిన వారం అమ్మగారు మా ఇంటికొచ్చారు. నా చేతులు పట్టుకుని ఏడ్చారు. ఏదో ఒకటి చెప్పి మా ఆయన్ని ఇంటికి పంపు, లేకపోతే నాకు దక్కేలా లేడు అన్నారు. వారం రోజులుగా నాకు నిద్ర లేదు. ఇక దాచను. చెడ్డ కుర్చీ లేదండీ.”

“ఏంటి?”

“లేదండీ. అది నేను వదిలేదే.”

మేస్త్రీ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు.

“పదకొండేళ్ళ కింద ఆ పెద్ద హాలు వాళ్ళ లోడు గుర్తుందా? మూడు రోజులు లారీని నిలబెట్టేశారు. ఎక్కడో ఉంది, నాకే దొరకట్లేదు, దొరక్కుండా పంపను అన్నారు. అన్నం మానేశారు, ఇక్కడే కూర్చుండిపోయారు. కుర్చీలన్నీ దివ్యంగా ఉంటే మీకేం దొరుకుతుందండీ? మీ మొహం చూడలేక మూడో రోజు సాయంత్రం నేనే ఒక అడ్డుకర్ర ఊడదీసి, జిగురు పెట్టకుండా దిగ్గొట్టాను. మర్నాడు మళ్ళీ మొదట్నుంచి కూర్చున్నారు, ఇట్టే పట్టేశారు. ఎంత సంతోషపడ్డారో! లారీ కదిలింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఇక అప్పట్నుంచి లోడుకొకటి వదులుతున్నాం. మావాళ్ళు దాన్ని ‘అయ్యగారి వాటా’ అంటారు.”

“అందరికీ తెలుసా?”

“తెలుసండీ. కొత్తగా ఎవరు చేరినా ముందు అదే చెప్తాం.”

“పాలిష్ అక్కకీ?”

“ఏ కుర్చీ వాటానో గుర్తుపెట్టుకునేది ఆవిడేనండీ.”

నవ్వు రావాల్సిన చోటే. ఇంకొకప్పుడైతే ఆయన అరికాలి మంట నెత్తికెక్కి, పద్దెనిమిది మందినీ వరసగా నిలబెట్టి కడిగేసేవాడు. ఇప్పుడు కోపం కూడా రాలేదు. మునిగిపోతున్నవాడిలా చేతికి అందినదాన్ని పట్టుకున్నాడు.

“సరే. వదిలింది నువ్వు. పట్టింది నేనే కదా? నలభైలో ఒకటి, వెంట్రుకవాసి లూజు. అది పట్టడం మామూలు విషయమా?”

“ముమ్మాటికీ కాదండీ. అందులో దగా లేదు. ఎవరూ మీకు సైగ కూడా చెయ్యలేదు. నేనైతే పట్టలేను.”

“ఇవాళ కూడా పట్టాను.”

మేస్త్రీ తల వంచుకున్నాడు.

“మేస్త్రీ. ఇవాళ కూడా పట్టానా, లేదా?”

ఔనంటే సరిపోయేది. ఆ ఒక్క అబద్ధం ఆడడం మేస్త్రీకి కొత్త కాదు, నాలుగు నెలలుగా అదే ఆడుతున్నాడు. కానీ అతని కళ్ళముందు అమ్మగారి ఏడుపు ఉంది. ఈ దారం కూడా తెంపకపోతే ఈ మనిషి ఇంటికి పోడు అనుకున్నాడు. ఆ దారానికి ఏం వేలాడుతోందో అతనికి తెలియదు. తెలిసే వీలూ లేదు.

“లేదండీ. ఇవాళ వాటా రెండో వరుసలో మూడోది. మీరు దానిమీద కూర్చుని లేచిపోయారు. గీసింది మంచి కుర్చీ.”

“నొక్కి చూశావు. లూజే అన్నావు.”

“అన్నానండీ.”

“పోయిన లోడు?”

“అప్పుడూ అంతేనండీ.”

“ఎప్పట్నుంచి?”

“నాలుగు నెలలు. మొదటిసారి మీ మొహం చూశానండీ. చెమటలు కారిపోతున్నాయి. కాదనడానికి నోరు రాలేదు. మీరు వెళ్ళాక వాటా కుర్చీకి నేనే జిగురు పెట్టి బిగించేవాణ్ణి. మీరు గీసినదాని సుద్ద తుడిచి అన్నిటితో పాటు ఎక్కించేవాణ్ణి.”

అంటే ఆ చెయ్యి కూడా చచ్చిపోయి నాలుగు నెలలయింది. ఆయనకు ఇప్పుడు తెలిసింది, పద్దెనిమిది మందికీ అప్పుడే తెలుసు. ఆయన కళ్ళు మూసుకుని ఊగుతుంటే వాళ్ళు ఊపిరి బిగబట్టి చూసింది గౌరవంతో కాదు, జాలితో. ఏది వాటానో తెలిసిన అక్క, ఆయన దానిమీద నుంచి లేచి పక్క కుర్చీకి పోవడం పదహారు సార్లు చూసింది. సిగ్గుతో ఆయన ఒళ్ళంతా చల్లబడింది. సిగ్గు కూడా ఎంతోసేపు నిలవలేదు. దాని వెనక ఇంకేమీ రాలేదు.

మేస్త్రీ మాత్రం తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని తేలికపడ్డాడు. పదకొండేళ్ళ బరువు దింపుకున్నాడు మరి. “మీరు నిశ్చింతగా వెళ్ళండి అయ్యగారూ. మీరు లేకపోయినా ఒక్క కుర్చీకి ఏమీ కాదు. ఒట్టు. ఈ పదకొండేళ్ళలో నిజంగా లూజైన కుర్చీ ఒక్కటీ ఈ గేటు దాటలేదు. ఎలా దాటుతుంది? మీరు నేర్పిన పని కదండీ!”

ఆయన జీవితమంతా ఎదురుచూసిన మెప్పు అది. సూటిగా, కల్మషం లేకుండా, పక్కనే నేల మీద కూర్చున్న మనిషి నోట వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న చెవి అయితే ఆ చివరి మాటను పట్టుకునేది. ఈయన చెవి ‘మీరు లేకపోయినా’ దగ్గరే ఆగిపోయింది. ప్రేమతో చెప్పినవాణ్ణి తప్పుపట్టడానికీ లేదు, జబ్బుతో విన్నవాణ్ణి తప్పుపట్టడానికీ లేదు. నాకైతే అందుకే ఒళ్ళు మండుతుంది.

“మంచిది” అన్నాడాయన.

సొరుగులోంచి తాళాలు తీశాడు. గోదాము, జిగురు గది, ఆఫీసు. ఒక్కొక్కటే ఇచ్చాడు. మేస్త్రీ రెండు చేతులా అందుకున్నాడు. “రెండో వరుసలో మూడోది బిగించి ఎక్కించండి” అన్నాడు ఆయన తలుపు తీస్తూ. షెడ్డులో అందరూ ఒక్కసారిగా పనుల్లో తలలు దూర్చారు. ఆయన ఇంకా గేటు దాటకముందే రంపం మొదలైంది. మామూలుగా ఆయన చెయ్యి ఊపితే గానీ అది మొదలవదు.

మిట్టమధ్యాహ్నం ఆయన ఇంటికి రావడం చూసి భార్య తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

“ఏమన్నాడండీ?”

“నేను లేకపోయినా నడుస్తుందన్నాడు.”

“చూశారా! నేను చెప్తూనే ఉన్నానా!” ఆవిడ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. ఎన్ని నెలల ఏడుపో అది. తరవాత నవ్వింది. ఆయన చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టింది, కాళ్ళు పైకి పెట్టుకోమంది. ఆయన పెట్టుకున్నాడు. “మధ్యాహ్నం మాత్ర వేసుకుంటారా?” అంది. “సరే” అన్నాడు. “సాయంత్రం అలా నడిచొద్దామా?” సరే. “వచ్చేవారం తమ్ముడింటికి వెళ్ళి నాలుగు రోజులు ఉండొద్దామా?” సరే. “పొద్దున అలారం తీసేస్తాను, లేచినప్పుడే లేవండి.” సరే.

ఆవిడ లోపలికి వెళ్ళి డాక్టరమ్మకు ఫోను చేసింది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఏ మాటకీ ఒక్కసారికి సరే అని ఎరగని మనిషి ఇవాళ అన్నిటికీ సరే అంటున్నాడని చెప్పింది. మొహం ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పింది. గొంతు నిండా సంతోషం. ఇంకా మూడు వారాలు పడుతుందన్నారు గానీ డాక్టరుగారూ, మందు అప్పుడే పనిచేస్తోందండీ అంది.